రిమోట్ కంట్రోల్ ట్రక్కులో 3ఎస్ బ్యాటరీ పెట్టాక మోటారు ముట్టుకోలేనంత వేడి, అంతకుముందు 2ఎస్ ఉబ్బిపోయింది. పినియన్ (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) ఎన్ని పళ్ళది పెట్టాలి?

గాజువాక_గేర్ | శనివారం రాత్రి 10:12

అన్నలూ కాస్త సాయం చెయ్యండి. రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో షార్ట్ కోర్స్ ట్రక్కు తీసుకున్నా, 1/10 స్కేలు, టూ వీల్ డ్రైవ్, బ్రష్‌లెస్ మోటారు 3300 కేవీ (వోల్టుకి నిమిషానికి 3300 చుట్లు) సెన్సార్ లేనిది, స్పర్ (పినియన్ తిప్పే పెద్ద గేరు) 86 పళ్ళు 48 పిచ్ (పళ్ళ సైజు). అమ్మినాయన దాంతో పాటు పాత నికెల్ బ్యాటరీ ఒకటి ఇచ్చాడు, దానికి స్పీడు రావట్లేదని 2ఎస్ (రెండు సెల్స్) లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, 5000 ఎంఏహెచ్ కెపాసిటీది కొన్నా. నెల తిరక్కుండానే అది పూరీలా ఉబ్బిపోయింది. 2ఎస్‌కి బలం చాలట్లేదేమో అనుకుని ఈసారి 3ఎస్ 5000 కొని, ఫ్రెండు పాత సామాన్ల డబ్బాలో 25 పళ్ళ పినియన్ దొరికితే అది కూడా బిగించేసా.

ఇవాళ సాయంత్రం ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండులో తిప్పాం. మొదటి రెండు నిమిషాలు రాకెట్టే, ఎనిమిదో నిమిషానికి నీరసపడిపోయింది, ఆపి మోటారు ముట్టుకుంటే వేలు చురుక్కుమంది, ఐఆర్ గన్‌తో కొట్టి చూస్తే 104 డిగ్రీలు. బయట 35 ఉంటుంది అప్పుడు. గేర్ల దగ్గర్నుంచి మిక్సీలో పప్పు వేసినట్టు సౌండు. ఇంటికొచ్చి ఛార్జింగ్ పెడితే 4100 ఎంఏహెచ్ ఎక్కింది. మోటారు పోయినట్టేనా? ఫ్యాన్ పెడితే సరిపోద్దా, ఇంకా పెద్ద మోటారు కొనాలా? డబ్బులు దాచుకుని కొన్నవి అన్నా, ఇంకోటి కాల్చుకోలేను.

క్రాలర్_కైలాసగిరి | శనివారం రాత్రి 10:31

ఫ్యాన్ పెట్టు, హీట్ సింక్ పెట్టు. విశాఖ ఎండకి, ఈ ఉక్కపోతకి అందరి మోటార్లూ కాగుతాయి. కుదిరితే 3300 తీసేసి 2400 కేవీ పెట్టేయ్, 3ఎస్‌కి అదే బాగుంటుంది.

సీతమ్మధార_షార్ట్‌కోర్స్ | శనివారం రాత్రి 10:58

తమ్ముడూ ముందు ఒక్కటి విను, ఏదీ కొనకు. ఫ్యాన్ కూడా వద్దు ఇప్పుడే. నీ దగ్గర మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయని నాకనిపిస్తోంది, విడదీసి చూడకపోతే ఏది దేనివల్లో తెలీదు. ఇవి చెప్పు:

టైరు వ్యాసం ఎంత? ట్రాన్స్‌మిషన్ లోపలి రేషియో ఎంత, అది మాన్యువల్లో ఉంటుంది. ఈఎస్‌సీలో (మోటారు స్పీడు కంట్రోలర్‌లో) బ్యాటరీ మోడ్ లైపోలో ఉందా నికెల్‌లో ఉందా? ఉబ్బిన 2ఎస్‌ని వాడిన రోజుల్లో ఎప్పుడు ఆపేవాడివి, కటాఫ్ వచ్చి (ఛార్జి తగ్గగానే ఈఎస్‌సీయే ఆపేసి) ఆగేదా, బండి పూర్తిగా నీరసించాక నువ్వే ఆపేవాడివా?

ఆ ఉబ్బినదాన్ని మాత్రం మళ్ళీ ఛార్జింగ్ పెట్టకు. ఇంట్లో ఉంటే ఇప్పుడే బయట పెట్టు.

మెషిన్‌షాప్_మాస్టారు | శనివారం రాత్రి 11:20

బాబూ, ఆ సౌండు గురించి నాకు అనుమానంగా ఉంది. నేను ముప్పై ఏళ్ళ పైన మెషిన్ షాపులో గేర్లు కోసినవాణ్ణి. నీ దగ్గర వెర్నియర్ ఉంటే ఆ 25 పళ్ళ పినియన్ బయటి వ్యాసం కొలిచి పెట్టు, పంటి కొన నుంచి ఎదురు పంటి కొనకి. అంతవరకు దాన్ని తిప్పకు.

గాజువాక_గేర్ | ఆదివారం ఉదయం 7:45

టైరు 110 మిల్లీమీటర్లు. లోపలి రేషియో 2.72. ఈఎస్‌సీ ప్రోగ్రాం కార్డు పెట్టి చూస్తే నికెల్ అని ఉందన్నా! నేనెప్పుడూ అది తెరిచి చూళ్ళేదు, అమ్మినాయన ఎలా ఇచ్చాడో అలాగే నడిపా. కటాఫ్ ఎప్పుడూ రాలేదు, బండి పాక్కుంటూ వస్తున్నప్పుడు నేనే ఆపేవాణ్ణి.

మాస్టారూ, వెర్నియర్ మా బావ దగ్గర తెచ్చి కొలిచా, 16.2 వచ్చింది. 25 పళ్ళని సరిపోల్చి రెండుసార్లు లెక్కపెట్టా, 25 ఏ.

మెషిన్‌షాప్_మాస్టారు | ఆదివారం ఉదయం 8:30

అదీ సంగతి. నీ పినియన్ 48 పిచ్ కాదు, 0.6 మాడ్యూల్ (మిల్లీమీటర్ల లెక్కలో పంటి సైజు).

లెక్క ఇలా చూసుకో. బయటి వ్యాసం అంటే పళ్ళ సంఖ్యకి 2 కలిపి మాడ్యూల్‌తో గుణించడం. 25 కి 2 కలిపితే 27, దాన్ని 0.6 తో గుణిస్తే 16.2, నువ్వు కొలిచింది సరిగ్గా అదే. 48 పిచ్ అంటే ఒక అంగుళం పిచ్ వ్యాసానికి 48 పళ్ళు, మాడ్యూల్లోకి మారిస్తే 25.4 ని 48 తో భాగించాలి, 0.529 వస్తుంది. ఆ లెక్కన 25 పళ్ళ 48 పిచ్ పినియన్ 14.3 ఉండాలి. రెండు మిల్లీమీటర్ల తేడా. కంటికి చూస్తే పక్కపక్కన పెడితే గానీ తెలీదు, కానీ పంటికీ పంటికీ మధ్య దూరమే వేరు కాబట్టి ఒక పన్ను కుదిరితే పక్క పన్ను గుద్దుకుంటుంది, తిరిగినంతసేపూ గీకుతూనే ఉంటుంది. పినియన్ స్టీలు, స్పర్ ప్లాస్టిక్, కాబట్టి అరిగేది స్పరే. కవర్ తీసి చూడు, లోపల తెల్లటి పొడి ఉండాలి.

32 పిచ్, 0.8 మాడ్యూల్ మాత్రం దగ్గరదగ్గరగా ఉంటాయి, 25.4 బై 32 అంటే 0.794, అందుకే వాటిని కలిపి వాడేస్తుంటారు. 48 కి, 0.6 కి ఆ వెసులుబాటు లేదు.

గాజువాక_గేర్ | ఆదివారం ఉదయం 9:05

మాస్టారూ కవర్ తీసా. మీరు చెప్పినట్టే పొడి, టాల్కం పౌడర్ చల్లినట్టు మూలల్లో పేరుకుపోయి ఉంది. స్పర్ పళ్ళు కొన్ని చోట్ల సొరచేప పళ్ళలా మొన తేలిపోయాయి. కొత్త స్పర్ వెయ్యాల్సిందే.

సీతమ్మధార_షార్ట్‌కోర్స్ | ఆదివారం ఉదయం 10:40

సరే ఇప్పుడు రెండు దొరికాయి. 2ఎస్ ఎందుకు ఉబ్బిందో తెలిసిపోయింది, నికెల్ మోడ్‌లో ఉన్నప్పుడు ఈఎస్‌సీకి లైపో సెల్ ఎక్కడ ఆపాలో తెలీదు, లాగుతూనే ఉంటుంది. లైపో సెల్ నిండా ఉంటే 4.2 వోల్టులు, నామినల్ 3.7, లోడులో 3.3 ఆ దరిదాపుల్లో ఆపేయాలి, 3 కిందకి దిగితే లోపల కెమిస్ట్రీ పాడై గ్యాస్ పుడుతుంది, ఆ ఉబ్బే అది. నువ్వు బండి పాకేదాకా నడిపావంటే ప్రతిసారీ 3 కిందకే తీసుకెళ్ళావు. బ్యాటరీ బలం చాలకపోవడం కాదు. అదే మోడ్‌లో 3ఎస్ కూడా నడిపావు గానీ ఒక్కసారే, 4100 ఎక్కిందంటే 5000 లో ఇంకా 900 మిగిలింది కాబట్టి ఇది బతికిపోయింది. ఇప్పుడే లైపోకి మార్చి కటాఫ్ సెల్‌కి 3.4 పెట్టు.

ఇంక మూడోది, అసలుది. పినియన్ పిచ్ కరెక్టుదే అనుకో, అయినా 3ఎస్ మీద 25 పళ్ళు ఎక్కువ. ఎందుకంటే చూడు.

మొత్తం రేషియో అంటే స్పర్ బై పినియన్, ఇంటూ లోపలి రేషియో. 86 బై 25 అంటే 3.44, ఇంటూ 2.72, 9.36. అంటే మోటారు తొమ్మిది చుట్ల పైన తిరిగితే చక్రం ఒక చుట్టు. మోటారు స్పీడు కేవీ ఇంటూ వోల్టులు, 3300 ఇంటూ 11.1 (మూడు సెల్స్, ఒక్కోటి 3.7), నిమిషానికి 36,630 చుట్లు. టైరు చుట్టుకొలత 110 ఇంటూ 3.14, 345 మిల్లీమీటర్లు. ఇవన్నీ కలిపితే గంటకి 81 కిలోమీటర్లు. ఇది లోడు లేని లెక్క, నేల మీద అంత రాదు, కానీ మోటారు మాత్రం అక్కడికి చేరాలనే ప్రయత్నిస్తూ ఉంటుంది, గడ్డిలో అది చేరలేదు, చేరలేని ప్రతి క్షణం కరెంటు తాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు 2ఎస్ మీద అదే 25 వేస్తే ఎంత? 54. 3ఎస్ మీద 17 వేస్తే? 86 బై 17 అంటే 5.06, ఇంటూ 2.72, 13.76. స్పీడు 55. చూసావా, రెండూ దాదాపు ఒకే స్పీడు. కానీ మోటారు పడే కష్టం ఒకటి కాదు. చక్రం దగ్గర అంతే తోపుడు కావాలంటే మోటారు దగ్గర కావాల్సిన టార్కు రేషియోని బట్టి తగ్గుతుంది, 9.36 ని 13.76 తో భాగిస్తే 0.68, అంటే కరెంటు మూడోవంతు తగ్గింది. తీగలో పుట్టే వేడి కరెంటు స్క్వేర్‌ని బట్టి ఉంటుంది కాబట్టి 0.68 ఇంటూ 0.68, 0.46. వేడి సగం కన్నా తక్కువ, స్పీడు అదే.

అందుకే నేను అందరికీ చెప్పేది, 3ఎస్ కొనేది స్పీడు కోసం కాదు, చిన్న పినియన్ వేసుకోవడం కోసం. వోల్టులు పెంచినప్పుడు పినియన్ తగ్గించాలి. నువ్వు రెండూ ఒకేసారి పెంచావు.

క్రాలర్_కైలాసగిరి | ఆదివారం ఉదయం 11:15

లెక్క ఒప్పుకుంటున్నా. కానీ 2400 కేవీ పెడితే ఇంకా బాగుంటుంది కదా? తక్కువ కేవీ అంటే ఎక్కువ టార్కు.

సీతమ్మధార_షార్ట్‌కోర్స్ | ఆదివారం ఉదయం 11:50

ఒక ఆంపుకి వచ్చే టార్కు ఎక్కువ, నిజమే. 9.55 ని కేవీతో భాగిస్తే ఆంపుకి ఎన్ని న్యూటన్ మీటర్లో వస్తుంది, 3300 కి 0.0029, 2400 కి 0.0040. కానీ 2400 మెల్లగా తిరుగుతుంది కాబట్టి అదే స్పీడు కావాలంటే పెద్ద పినియన్ వెయ్యాలి, అప్పుడు లాభం అక్కడికక్కడ సరిపోయింది. అదే సైజు మోటారు డబ్బా అయితే కేవీ మార్చడం, పినియన్ మార్చడం దాదాపు ఒకే పని, ఒకటి వేలల్లో అవుతుంది ఇంకోటి వందల్లో అవుతుంది. డబ్బా సైజు పెంచితే, అంటే 540 నుంచి పొడుగు 550 కి వెళ్తే, అప్పుడు నిజంగా ఎక్కువ లోడు తట్టుకుంటుంది. నీ క్రాలర్ లెక్క వేరు, నీకు రాళ్ళ మీద అంగుళం అంగుళం పాకాలి, నీకు తక్కువ కేవీ సెన్సార్ మోటారో 35 టర్నుల బ్రష్డ్ మోటారో కరెక్టు, సెన్సార్ లేని 3300 తో అయితే స్టార్టింగ్‌లో గకగకమని ఆగి ఆగి కదులుతుంది.

భీమిలి_బగ్గీ | ఆదివారం మధ్యాహ్నం 2:20

ఏటి గురూ ఇంత లెక్కా! బాగుంది గానీ నాదొక మాట కలుపుతా. మీ 17 పళ్ళు గ్రౌండుకి, రోడ్డుకి. బీచ్‌కి వస్తే ఇంకో రెండు మూడు తగ్గించండి. పొడి ఇసకలో బండి తోసుకుంటూ పోతుంది, నేను అదే బండికి ఇసకలో 14, బయట 17 వేస్తా. ఇంకా టైరు మార్చినా పినియన్ మార్చినట్టే, 110 తీసి 125 టైరు వేస్తే పినియన్ పదమూడు పధ్నాలుగు శాతం పెద్దది వేసినట్టు, ఇది చాలామంది మర్చిపోతారు.

ఉప్పు గాలి సంగతి కూడా. ఈఎస్‌సీ వాటర్‌ప్రూఫ్ అన్నారని అల అంచుల్లో తిప్పొద్దు, ఈఎస్‌సీ బతుకుద్ది, బేరింగులు వారంలో తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, బేరింగు బిగుసుకుంటే మళ్ళీ మోటారు వేడే. నేను రుషికొండ నుంచి ఇంటికెళ్ళగానే మంచినీళ్ళతో కడిగి, గాలి కొట్టి, బేరింగుకి ఒక్కో చుక్క నూనె వేస్తా. వేసవికి ముందు రాత్రులు ఇసకలో అసలు తిప్పను, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికొచ్చి గుడ్లు పెట్టే కాలం అది.

ఒకాయన నన్ను ఎర్రమట్టి దిబ్బల మీద తిప్పుదామని అడిగాడు మొన్న. వద్దన్నా. అది రక్షిత భూవారసత్వ స్థలం, టైరు పడిన చోటల్లా మట్టి రాలిపోద్ది, తిరిగి కట్టలేం.

ఎంవీపీ_అక్క | ఆదివారం సాయంత్రం 4:05

మా అబ్బాయి పదకొండేళ్ళవాడు, వాడికి బ్రష్డ్ మోటారు బండి ఉంది, నికెల్ బ్యాటరీ. వీడు కూడా లైపో కావాలని గొడవ. ఇది చదివాక నాకు భయం వేసింది. ఇవ్వొచ్చా? ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? ఇంకోటి, బండికి ఉన్న తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ ఒకవైపు కాస్త గోధుమ రంగుకి తిరిగింది, అది మామూలేనా?

సీతమ్మధార_షార్ట్‌కోర్స్ | ఆదివారం సాయంత్రం 5:30

అక్కా కనెక్టర్ సంగతి ముందు. గోధుమ రంగుకి తిరిగిందంటే అది కాగుతోంది, లోపల పిన్నులు వదులై ఉంటాయి, త్వరలో కరుగుతుంది. ఆ తెల్ల కనెక్టర్లు చిన్న కరెంటుకే. డీన్స్ గానీ ఎక్స్‌టీ60 గానీ వేయించండి, సోల్డరింగ్ తెలిసినవాళ్ళతో. రెండు బ్యాటరీ వైర్లూ ఒకేసారి కోయొద్దు, కత్తెర రెంటినీ కలిపి తాకితే షార్టే, ఒకటి కోసి అతికించి కప్పాక రెండోది.

లైపో ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. పదకొండేళ్ళకి నికెల్ బాగానే ఉంటుంది, మర్చిపోయి పూర్తిగా దించేసినా ఓర్చుకుంటుంది. ఒకవేళ ఇస్తే గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉన్న 2ఎస్ ఇవ్వండి, ఈఎస్‌సీకి లైపో కటాఫ్ ఉందో లేదో చూసి. కొన్ని బ్రష్డ్ ఈఎస్‌సీల మీద చిన్న జంపర్ ముక్క ఉంటుంది, దాన్ని పీకి లైపో వైపు గుచ్చాలి. ఛార్జింగ్ ఎప్పుడూ పెద్దవాళ్ళే, బ్యాలెన్స్ మోడ్‌లో (సెల్స్ అన్నిటినీ సమానంగా నింపేది), 5000 అయితే 5 ఆంపులు, టైల్స్ నేల మీద, మంచం మీద కాదు, పరదాల పక్కన కాదు, పెట్టి బజారుకి వెళ్ళిపోకూడదు. వారం పైన వాడకపోతే సెల్‌కి 3.8 దగ్గర స్టోరేజ్‌లో పెట్టాలి. మే నెలలో స్కూటీ డిక్కీలో అస్సలు వదలొద్దు.

ఎంవీపీ_అక్క | ఆదివారం సాయంత్రం 5:52

నికెల్‌తోనే ఉంచుతా. కనెక్టర్ మాత్రం రేపే మార్పిస్తా తమ్ముడూ, థాంక్స్.

గాజువాక_గేర్ | ఆదివారం రాత్రి 9:10

అన్నా మోటారు బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి? 104 కి వెళ్ళింది కదా. ఉబ్బిన బ్యాటరీ ఏం చెయ్యాలి?

మెషిన్‌షాప్_మాస్టారు | ఆదివారం రాత్రి 9:48

మోటారుకి వేడి వల్ల పోయేది రెండు, తీగ మీది ఇన్సులేషన్, అయస్కాంతం. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటాక బలం కోల్పోవడం మొదలెడతాయి, చల్లారినా పోయిన బలం పూర్తిగా రాదు. నువ్వు బయట కొలిచింది 104 అంటే లోపల అంతకన్నా ఎక్కువే. అయితే మోటారు తయారీలో వేడి ఎక్కువ తట్టుకునే రకం వేసి ఉండొచ్చు కూడా, కాబట్టి పరీక్ష చేసి చూడు. మూడు తీగలూ ఈఎస్‌సీ నుంచి ఊడదీసి, చేత్తో షాఫ్టు తిప్పు, మెట్లు మెట్లుగా తగలాలి, గరగర ఉండకూడదు. తర్వాత ఏ రెండు తీగలైనా కలిపి పట్టి తిప్పు, ఇంకా బరువుగా తిరగాలి. మూడు జతలకీ ఒకేలా బరువుగా ఉంటే తీగ బాగున్నట్టే. అయస్కాంతం నీరసిస్తే మాత్రం లోడు లేకుండా ఇదివరకటికన్నా స్పీడుగా తిరుగుతుంది, లోడు మీద తొందరగా కాగుతుంది.

భీమిలి_బగ్గీ | ఆదివారం రాత్రి 10:02

ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు. ఆరుబయట, ఇసక పోసిన పాత కుండలో పెట్టి 12 వోల్టుల చిన్న బల్బు తగిలించి పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచు, తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చెయ్. చెత్త బండిలో మాత్రం వెయ్యకు, అందులో నొక్కుతారు, అంటుకుంటుంది.

గాజువాక_గేర్ | సోమవారం రాత్రి 8:35

మోటారు బాగుంది మాస్టారూ! మూడు జతలకీ ఒకేలా బరువుగా తిరిగింది. స్పర్, 48 పిచ్ 17 పళ్ళ పినియన్ ఆర్డర్ పెట్టా. ఈసారి వచ్చాక ముందు వెర్నియర్‌తో కొలుస్తా, 19 ని 0.529 తో గుణిస్తే 10.05 రావాలి కదా?

మెషిన్‌షాప్_మాస్టారు | సోమవారం రాత్రి 9:00

రావాలి. బిగించేటప్పుడు నోటుబుక్కు కాగితం సన్నటి ముక్క పినియన్‌కి స్పర్‌కి మధ్య దూర్చి, మోటారుని మెల్లగా నొక్కి, స్క్రూలు బిగించి, గేరు తిప్పి కాగితం బయటకి తియ్యి. కాగితం చిరక్కుండా మడతలు మడతలుగా అచ్చు పడి రావాలి. తర్వాత స్పర్‌ని నాలుగైదు చోట్ల ఆపి చూడు, ప్లాస్టిక్ స్పర్ అచ్చంగా గుండ్రంగా ఉండదు, ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ కూడా వేలితో కొంచెం కదలాలి. సెట్ స్క్రూ షాఫ్టు మీద చదునుగా ఉన్న చోటే కూర్చోవాలి, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క.

గాజువాక_గేర్ | తర్వాతి ఆదివారం రాత్రి 8:20

అప్‌డేట్! స్పర్, పినియన్ వచ్చాయి, కొలిచా, 10.05. కాగితం పెట్టి బిగించా, ఒకసారి చిరిగింది, రెండోసారి మడత పడి వచ్చింది. మిక్సీ సౌండు పోయింది, ఇప్పుడు సన్నగా ఈల వేసినట్టు వస్తోంది అంతే. కటాఫ్ 3.4.

అదే గ్రౌండు, బయట 33. ఐదు నిమిషాలకి ఆపి కొలిస్తే 58, పన్నెండు నిమిషాలకి 74. అప్పటికీ నీరసపడలేదు, నేనే ఆపా. ఛార్జింగ్‌లో 3700 ఎక్కింది. స్టార్టింగ్‌లో ముందు చక్రాలు లేస్తున్నాయన్నా, పాత 25 తో ఎప్పుడూ లేవలేదు!

సీతమ్మధార_షార్ట్‌కోర్స్ | తర్వాతి ఆదివారం రాత్రి 8:55

సూపర్ తమ్ముడూ. ఆ ఛార్జింగ్ లెక్కలో ఇంకోటి దాగుంది చూడు. ఎక్కిన ఎంఏహెచ్‌ని నిమిషాలతో భాగించి 0.06 తో గుణిస్తే సగటు ఆంపులు. మొన్న 4100, 8 నిమిషాలు, 31 ఆంపులు. ఇవాళ 3700, 12 నిమిషాలు, 18.5. మీటరు కొనక్కర్లేదు, ఛార్జరే మీటరు. ప్రతి పినియన్‌కీ ఇది, టెంపరేచరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకో. 74 అంటే ఇంకా కొంచెం జాగా ఉంది గానీ మే నెల వస్తోంది, 18 కి వెళ్ళకు, అక్కడే ఉండు.

ముందు చక్రాలు ఎక్కువ లేస్తుంటే స్లిప్పర్ క్లచ్ నట్టు పావు చుట్టు వదులు చెయ్యి, ఫుల్ థ్రాటిల్ కొట్టినప్పుడు మొదటి ఒక అడుగు దూరం జారాలి. కొత్త స్పర్ కూడా బతుకుద్ది.

క్రాలర్_కైలాసగిరి | తర్వాతి ఆదివారం రాత్రి 9:12

ఫ్యాన్ లేకుండానే 30 డిగ్రీలు తగ్గింది, నేను చెప్పిన సలహా తప్పే. నేను కూడా నా క్రాలర్ పినియన్ ఒకసారి కొలిచి చూస్తా.

భీమిలి_బగ్గీ | తర్వాతి ఆదివారం రాత్రి 9:30

తమ్ముడూ ఆ 25 పళ్ళ 0.6 పినియన్ పారేసావా ఏటి? నా దగ్గర పాత టామియా (జపాన్ కంపెనీ) బండి ఉంది, దానికి 0.6 ఏ కావాలి. స్టీలుది కాబట్టి దానికేం అయ్యుండదు.

గాజువాక_గేర్ | తర్వాతి ఆదివారం రాత్రి 9:34

డబ్బాలోనే ఉందన్నా, మా ఫ్రెండుని అడిగి తెస్తా. వచ్చే ఆదివారం గ్రౌండుకి రండి, నాలుగున్నరకి ఉంటా.